టక్కున పాడిన మూడు ఇస్పేట్లు

తాళాలాయనకి ఓపిక పుట్టుకతో రాలేదు, వృత్తి వల్లా రాలేదు. బజారు మలుపులో ఆయనది అగ్గిపెట్టెంత కొట్టు. తాళంచెవి పారేసుకున్నవాళ్ళు, పొయ్యిమీద పాలు పెట్టి బయటికొస్తే వెనకాల తలుపుకి తాళం పడిపోయినవాళ్ళు, అందరూ అక్కడికే పరిగెత్తుకొస్తారు. ఏళ్ళ తరబడి వాళ్ళ కంగారంతా చూసి చూసి అది ఈయనకీ అంటుకుంది. తిన్నా, నడిచినా, పోట్లాడినా గబగబానే. అలాంటి మనిషి ఆర్నెల్లుగా బ్రిడ్జి క్లబ్బులో ఒక్క పేకముక్క తియ్యడానికి యుగాలు తీసుకుంటున్నాడంటే దానికి కారణం ఉండాలి కదా. ఉంది. ఆ కారణం ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయనకి ఎదురుగానే కూర్చుంటుంది.

ఆవిడ ఆయన భార్య. క్లబ్బులో అందరికీ స్టెనోగారు. కోర్టులో స్టెనోగా చేసి రిటైరైంది. ఇద్దరు ప్లీడర్లు ఒకేసారి గొంతు చించుకుంటున్నా ఇద్దరి మాటలూ పొల్లుపోకుండా కాగితం మీదికి ఎక్కించేది. కాస్త ఆగండి అని ఏ జడ్జినీ ఏనాడూ అడిగి ఎరగనని ఆవిడే చెప్పుకునేది, ఎవరూ అడక్కపోయినా. పేకాటలోనూ అదే తీరు. ఎదుటివాడు ముక్క వేసి చెయ్యి వెనక్కి తీసుకునేలోపు పక్కనే ఆవిడ ముక్క వచ్చి పడేది. ఎవరైనా గడ్డం గోక్కుంటూ ఆలోచిస్తే, "ముక్కలు మొలకెత్తుతాయేమోనండీ" అనేది. తాళాలాయన ఆ మాటకి లోలోపల మురిసిపోయేవాడు. పైకి మాత్రం, "ఊరుకోవోయ్, పాపం" అనేవాడు.

ఆర్నెల్ల కిందట ఒక ఉదయం ఆవిడ కుడిచెయ్యి కాఫీ గ్లాసు పట్టుకోనని మొండికేసింది. మెదడులో ఎక్కడో చిన్న నరంలో రక్తం ఆగిందనీ, పెద్ద ప్రమాదమే తప్పిందనీ డాక్టర్లు చెప్పారు. కొన్నాళ్ళకి చెయ్యి మాట వినడం మొదలుపెట్టింది. తెలివికేం ఢోకా లేదు. కాకపోతే ఏ పనికైనా, ఏ మాటకైనా మునుపటికన్నా సమయం పడుతోంది. బొత్తాం పెట్టుకోవాలన్నా, ఫోన్లో అంకెలు నొక్కాలన్నా, వంకాయా బెండకాయా అని తేల్చుకోవాలన్నా ఆవిడ ఒక్క క్షణం ఎక్కడికో వెళ్ళి తిరిగొచ్చేది. వచ్చాక చెప్పే జవాబు మాత్రం ఎప్పట్లాగే సూటిగా ఉండేది.

ఆస్పత్రి నుంచి వచ్చిన వారంలోనే ఆవిడ మొగుడి కళ్ళలోకి చూసి, "ఏవండీ, నేను నిదానమైపోయానని నలుగురూ అన్న రోజు ఇక ముక్క ముట్టను. చెప్తున్నా," అంది.

ఆవిడ అన్నదంటే అన్నదే. పాతికేళ్ళు మాటల్ని మారకుండా రాసిన మనిషి, తన మాట తానే మారుస్తుందా? ఆవిడకి ఇంక మిగిలిన సరదా ఆ ఆదివారం ఆట ఒక్కటే. అదీ పోతే కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని బజారు చూస్తుంది. ఆ దృశ్యం తాళాలాయన తల్చుకోలేకపోయాడు.

అందుకని ఒక ఉపాయం చేశాడు. బ్రిడ్జిలో ముందు పాట ఉంటుంది. ఆరుకి పైన ఎన్ని పట్లు గెలవగలమో, ఏ రంగు తురుపో చెప్పి పాడుకుంటారు. నోటితో కాదు, పక్కనున్న చిన్న పెట్టెలోంచి పాట కార్డు తీసి బల్లమీద పెడతారు. తన వంతు వచ్చినప్పుడల్లా తాళాలాయన మనసులో ఒక తాళంచెవి కోసేవాడు. రేకు బిగించడం, అసలు చెవిని పక్కన ఆనించడం, ఒక్కొక్క పన్నూ ఆకురాయితో రాయడం, రజను ఊదెయ్యడం. అంతా అయ్యాకే పెట్టెమీద చెయ్యి వేసేవాడు. జంటలో ఇద్దరూ నిదానంగా ఉంటే ఏ ఒక్కరి నిదానమూ కంటికి ఆనదని ఆయన లెక్క. క్లబ్బులో ఎవరూ పన్నెత్తి ఒక్క మాట అనలేదు. ఆఖరికి ఎవరు కాస్త ఆలస్యం చేసినా కుర్చీ చేతిమీద దరువు వేసే పోస్టుమాస్టరు కూడా దరువు మానేశాడు. నా నటన పండిందిరా అనుకున్నాడు తాళాలాయన. ఇంటికి వెళ్ళేటప్పుడూ అంతే. వీధి మలుపు తిరగ్గానే నాలుగడుగులు ముందు నడిచి, ఆవిడ వచ్చేసరికి తలుపు తీసి పెట్టేవాడు. ఆవిడ తాళంతో కుస్తీ పట్టడం ఇరుగుపొరుగు చూడకూడదు కదా.

అలా నెట్టుకొస్తుండగా క్లబ్బు వార్షిక పోటీ వచ్చింది.

లైబ్రరీ పైనున్న పొడుగాటి హాల్లో బల్లలన్నీ నిండాయి. పోటీ నడిపించేది కళ్ళద్దాలావిడ. మిగతా రోజుల్లో ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో జనానికి చూపు పరీక్షలు చేస్తుంది, ఆదివారం వాళ్ళ తగాదాలు తీరుస్తుంది. చేతిలో ఒక ఇత్తడి గంట ఉంటుంది, అది మోగితే జంటలు బల్లలు మారాలి. తాళాలాయన జంట మాత్రం కిటికీ దగ్గరి బల్లనుంచి కదలనక్కర్లేదు. అందరూ వీళ్ళ దగ్గరికే వచ్చి ఆడిపోతారు. ఈమధ్య ఎప్పుడు చూసినా వీళ్ళకి ఆ బల్లే పడుతోంది. అదృష్టం అనుకున్నాడాయన.

ఆ రోజు అదృష్టం నిజంగానే బాగుంది. టీ విరామానికి ముందు గోడమీద అంకెలు వేస్తే వీళ్ళ జంటే అందరికన్నా పైనుంది. స్టెనోగారి బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆర్నెల్ల తర్వాత ఆవిడ మొహంలో ఆ వెలుగు చూసేసరికి తాళాలాయనకి ఒళ్ళు తెలియలేదు. ఈ కప్పు ఆవిడ చేతిలో పెట్టాల్సిందే అనుకున్నాడు. మనిషికి ఆశ పుట్టిందంటే చాలు, పాత బుద్ధులన్నీ వెనకే వచ్చేస్తాయి.

అప్పుడే వాళ్ళ బల్లకి ఒక కొత్త జంట వచ్చింది. ఈమధ్యే ఊరికి బదిలీ మీద వచ్చిన పళ్ళ డాక్టరు, ఆయన బావమరిది. ఇద్దరూ మర్యాదస్తులు, ఆట తెలిసినవాళ్ళు. ఈ క్లబ్బులో వాళ్ళకిది మొదటి రోజు.

తాళాలాయన మనసులో ఒక తాళంచెవి కోసి, ఒక ఇస్పేటు పాడాడు. డాక్టరు రెండు ఆఠీన్లన్నాడు. స్టెనోగారు తన ధోరణిలో ఆలోచించి ఆలోచించి రెండు ఇస్పేట్లతో మద్దతు పలికింది. బావమరిది పాస్. తాళాలాయన ఇంకో చెవి కోసి పాస్. డాక్టరు ఊరుకోకుండా మూడు ఆఠీన్లకి పెంచాడు. వంతు స్టెనోగారిది.

ఆవిడ ముక్కల్ని చూసింది. పెట్టెని చూసింది. చెయ్యి పెట్టెదాకా వెళ్ళి ఆగింది. ఫ్యాను తిరుగుతోంది. చివరికి పాస్ కార్డు తీసి పెట్టింది. బావమరిది పాస్ అన్నాడు.

తాళాలాయన చేతిలో ఇస్పేట్లు ఆరున్నాయి. కప్పు కళ్ళముందు ఆడుతోంది. తాళంచెవి సంగతి బొత్తిగా మర్చిపోయాడు. టక్కున మూడు ఇస్పేట్లు పాడేశాడు.

కార్డు బల్లమీద పడ్డాకగానీ చేసిన పని తెలియలేదు ఆయనకి. అప్పటికే డాక్టరు చెయ్యెత్తాడు.

"డైరెక్టరుగారూ, ఒక్కసారి ఇటొస్తారా?"

కళ్ళద్దాలావిడ వచ్చింది. డాక్టరు గొంతు తగ్గించే మాట్లాడాడు. "మేడమ్ పాస్ అనడానికి చాలాసేపు ఆలోచించారు. వెంటనే సారు మూడు ఇస్పేట్లు పాడారు. అంతకుముందు ఆయన ప్రతిదానికీ నిదానంగానే ఉన్నారు, దీనికి మాత్రం రెప్పపాటు పట్టలేదు. నేనెవర్నీ తప్పుపట్టడం లేదండి. రూలు ఉంది కాబట్టి అడుగుతున్నాను."

రూలు ఉన్నమాట నిజమే. జోడీలో ఒకరు తటపటాయించి పాస్ అన్నారంటే చేతిలో ఎంతో కొంత సరుకు ఉందన్నమాట. ముక్కలు చెప్పాల్సిన సంగతి మొహం చెప్పినట్టవుతుంది. అందుకని ఆ తటపటాయింపు చూసి రెండోవారు ధైర్యం తెచ్చుకుని పాడకూడదు. పాడితే డైరెక్టరు ఆ పాట కొట్టేసి, ఎదుటివాళ్ళ పాటే నిలిచినట్టు లెక్క కడుతుంది. మనిషికి ఎప్పుడూ పట్టే సమయమే పట్టిందనుకోండి, అప్పుడది తటపటాయింపు కాదు. దాంట్లో తెలిసేదేమీ లేదు, పాట చెల్లుతుంది.

"ముందు ఆట పూర్తి చెయ్యండి. తీర్పు టీ అప్పుడు చెప్తాను," అంది కళ్ళద్దాలావిడ. తర్వాత తాళాలాయన వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఆవిడకి మామూలుగా పట్టేదానికన్నా ఎక్కువ సేపు పట్టిందా?"

లేదండీ, మా ఆవిడకి ఇప్పుడు ప్రతిదానికీ ఇంతే పడుతుంది అంటే చాలు. అది నిజం. పాట నిలుస్తుంది, కప్పు దాదాపు చేతికొచ్చినట్టే. కానీ ఆ మాట ఆవిడ ఎదురుగా, బయటివాళ్ళ ముందు, కట్టుకున్నవాడి నోటినుంచి రావాలి. వచ్చిందంటే వచ్చే ఆదివారం ఆ కుర్చీ ఖాళీ.

స్టెనోగారు ముక్కల్లోంచి తలెత్తలేదు.

"ఎక్కువే పట్టిందండి," అన్నాడాయన. "తటపటాయించింది. నేను చూశాను. చూసే పాడాను. తప్పు నాదే."

జోడీ మొహం చూసి ఆడేవాడంటే క్లబ్బులో దొంగకింద లెక్క. ఆ మాట తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు. కళ్ళద్దాలావిడ కళ్ళజోడు పైనుంచి ఆయన్ని చూసి వెళ్ళిపోయింది. ఆట సాగింది. ఆరుకి పైన మూడు, మొత్తం తొమ్మిది పట్లు కావాలి, తొమ్మిదీ వచ్చాయి. అవి వచ్చినందుకు తాళాలాయనకి చచ్చే సిగ్గేసింది.

టీ విరామంలో అందరూ కప్పులు పట్టుకుని మెట్ల దగ్గర గుమిగూడారు. తాళాలాయన కూర్చున్నచోటే ఉండి బల్లమీద లేని దుమ్ము తుడుస్తున్నాడు. ఎదురుగా కుర్చీ జరిగిన చప్పుడైంది. స్టెనోగారు లేచి బల్లల మధ్యనుంచి నడుస్తోంది, కళ్ళద్దాలావిడ బల్లవైపు. హాలు ఆ చివర నుంచి ఈ చివరికి ఆవిడ నడక ఎంత నెమ్మదిగా ఉందో ఆయన మొదటిసారి దూరంనుంచి చూశాడు. గబగబా లేచి వెనకే వెళ్ళాడు.

"డైరెక్టరుగారూ, మా ఆయన మీకు అబద్ధం చెప్పాడు," అంది స్టెనోగారు. గొంతు కోర్టులో వాంగ్మూలం చదివి వినిపించినట్టు స్పష్టంగా ఉంది. మెట్లదగ్గర మాటలు ఆగిపోయాయి.

"ఏమోయ్, వద్దు," అన్నాడు తాళాలాయన.

"మీరు ఊరుకోండి." ఆవిడ ఊపిరి తీసుకుంది. తర్వాతి మాటకోసం వెతుక్కుంది. అందరూ ఆగారు. "నేను తటపటాయించలేదు. రెండు పాడాక నా చేతిలో ఇంక చెప్పుకోదగ్గ ముక్కే లేదు. నాకిప్పుడు... పాస్ అనడానికైనా అంతే పడుతుంది. రెండు ఇస్పేట్లు పాడ్డానికీ అంతే పట్టింది, డాక్టరుగారిని అడగండి. ఇవాళ మాతో ఆడినవాళ్ళందర్నీ అడగండి. ఈయన నా మొహం చూసి ఆడే మనిషి కాదు. నా పరువు కాపాడ్డానికి తన పరువు తీసుకున్నాడు. అది నాకక్కర్లేదు."

అయిపోయింది, ఆవిడ నోటితోనే ఆవిడ ఆట ముగించేసింది అనుకున్నాడు తాళాలాయన.

"ఎవర్నీ అడగక్కర్లేదండీ, నాకు తెలుసు," అంది కళ్ళద్దాలావిడ మెల్లిగా. "ఇక్కడ అందరికీ తెలుసు."

"అందరికీనా?" అంది స్టెనోగారు.

పోస్టుమాస్టరు టీ కప్పులోకి చూస్తూ గొణిగాడు. "కిటికీ బల్ల మీకే ఎందుకు పడుతోందనుకున్నారమ్మా? లేచి బల్లలు మారే శ్రమ ఉండదనే. ఈవిడ గంట కొట్టేముందు మీ బల్ల వైపు చూస్తుంది. మీ ఆఖరి ముక్క పడితేగానీ కొట్టదు."

తాళాలాయన నోరు తెరుచుకుని చూశాడు. ఆర్నెల్లపాటు తానొక్కడే గొడుగు పట్టాననుకున్నాడు. తీరా చూస్తే హాలంతా పట్టింది.

స్టెనోగారి మొహం కందిపోయింది. "అంటే ఆర్నెల్లుగా నామీద జాలిపడుతున్నారన్నమాట."

"జాలి ఎందుకండీ?" అంది కళ్ళద్దాలావిడ. "నా షాపుకి రోజూ జనం వస్తారు. ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా అంటే కొందరు ఠక్కున చెప్తారు, కొందరికి టైం పడుతుంది. టైం పట్టినవాళ్ళని తొందరపెడితే వాళ్ళ కళ్ళకి తప్పు అద్దం వస్తుంది. అందుకని ఆగుతాను. మీరు ఆలోచించి వేసే ముక్క మామీద గెలుస్తూనే ఉంది. ఇంక జాలి ఎక్కడినుంచి వస్తుంది? గోడమీద చూడండి, పైన ఎవరున్నారో."

ఎవరో నవ్వారు. స్టెనోగారు నవ్వలేదు. గోడవైపు మాత్రం చూసింది.

పళ్ళ డాక్టరు జనంలోంచి ముందుకొచ్చాడు. పాపం, ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. "మేడమ్, నాకు తెలిస్తే పిలిచేవాణ్ణి కాదు. క్షమించాలి."

"ఎందుకు పిలవరు?" అంది స్టెనోగారు, ఈసారి తడుముకోకుండా. "పిలవాల్సిందే. మీ చోట నేనుంటే మీకన్నా ముందే పిలిచేదాన్ని."

కళ్ళద్దాలావిడ గొంతు సవరించుకుంది. "సరే, తీర్పు. ఆవిడకి పట్టింది ఆవిడకి మామూలుగా పట్టే సమయమే. దాన్నిబట్టి తెలుసుకోవడానికి ఏమీ లేదు. మూడు ఇస్పేట్లు నిలుస్తుంది. డైరెక్టరుకి అబద్ధం చెప్పినందుకు తాళాలాయనగారు ఇవాళ టీ కప్పులన్నీ కడగాలి." ఇత్తడి గంట మోగించింది.

ఇంకొక్క రౌండు మిగిలింది. తాళాలాయన తన కుర్చీలో కూర్చున్నాడు. పంచిపెట్టిన ముక్కలు నాలుగు వైపులా బోర్లా పడున్నాయి. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. దాని వీపుకి స్టెనోగారి సంచీ వేలాడుతోంది. ఆవిడ మెల్లిగా వచ్చి సంచీ తీసుకుంది. ఉండవోయ్ అందామనుకున్నాడాయన. అన్నమాట మీద నిలబడే మనిషిని ఏమని ఆపుతాడు?

ఆవిడ సంచీలోంచి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుంది. కూర్చుంది. ముక్కలు చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే సర్దుకోసాగింది, ఇస్పేట్లు ఒకవైపు, ఆఠీన్లు ఒకవైపు.

తాళాలాయన రెప్ప వెయ్యలేదు. "మరి నువ్వు ఆ రోజు..." అంటూ ఆగాడు.

"నలుగురూ అంటే మానేస్తానన్నాను. నలుగురూ అన్లేదు. నేనే అన్నాను." ముక్కలు సర్దడం అయ్యాక తలెత్తి చూసింది. "ఏవండీ, ఒక్క మాట. నా వంతుకి పట్టేసేపు నాకు పడుతుంది. మీ వంతుకి మాత్రం మీరు మీలా పాడండి. ఆర్నెల్లుగా మీరు ముక్క తియ్యడం చూళ్ళేక చస్తున్నాను."

"నీకు తెలుసా?"

"ముప్ఫయ్యేళ్ళుగా మీతో కాపరం చేస్తున్నా. అన్నం కూడా కూర్చుని తినే ఓపిక లేని మనిషి పేకముక్క పట్టుకుని ధ్యానం చేస్తుంటే తెలీదా? మొదటి ఆదివారమే తెలిసింది. ఏదో ముచ్చటపడుతున్నారని ఊరుకున్నా."

"మాటలు ఆపి ఆడండి," అంది దూరంనుంచి కళ్ళద్దాలావిడ.

తాళాలాయన ఆడాడు. తనలాగే ఆడాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఇస్పేటేదో కళావరేదో పోల్చుకోకుండా, ఎగిరి గంతేసి ఆరు ఇస్పేట్లు పాడేశాడు. మూడు పట్లు తక్కువొచ్చాయి. ఆ ఒక్క ఆటతో పైనున్న జంట కిందికి జారింది. కప్పు పళ్ళ డాక్టరుకీ ఆయన బావమరిదికీ పోయింది. స్టెనోగారు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. తర్వాత మొగుడు టీ కప్పులు కడుగుతుంటే పక్కనే నిలబడి, ఆరు పాడ్డానికి ఆయనకి బుద్ధెక్కడికి పోయిందో తీరిగ్గా, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ విడమరిచి చెప్పింది. పోస్టుమాస్టరు గుడ్డతో కప్పులు తుడుస్తూ అంతా విన్నాడు. కుర్చీ చేతిమీద ఒక్కసారైనా దరువు వెయ్యలేదు.

సాయంత్రం ఎండ వీధిలో పల్చగా పరుచుకుని ఉంది. మలుపు తిరగ్గానే అలవాటు కొద్దీ తాళాలాయన కాళ్ళు ముందుకి పరిగెత్తబోయాయి.

"తాళంచెవి ఇలా ఇవ్వండి," అంది స్టెనోగారు.

ఇచ్చాడు. ఆవిడ తలుపు ముందు నిలబడి చెవిని కన్నం దగ్గర పెట్టింది. జారింది. మళ్ళీ పెట్టింది. సగం వెళ్ళి ఆగింది. పక్కింటి వాకిట్లో ఎవరో మొక్కలకి నీళ్ళు పోస్తూ చూస్తున్నారు. తాళాలాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మనసులో ఏ చెవీ కొయ్యలేదు. ఊరికే ఆగాడు. ఆవిడ కణత మీద తెల్లబడ్డ వెంట్రుకలు చూస్తూ, ఎంతసేపైనా ఇలా ఆగొచ్చు అనుకున్నాడు, అనుకుని తనకే ఆశ్చర్యపోయాడు.

మూడోసారికి చెవి తిరిగింది.

"ఈ చెవి సరిగ్గా కొయ్యలేదు మీరు," అంది ఆవిడ లోపలికి అడుగుపెడుతూ.

"రేపు మళ్ళీ కోస్తాలే."

"వద్దు. తిరిగిందిగా," అని చెవిని తన సంచీలో వేసుకుంది.